లాభం లేదు సరే, అనుమతి వుందా?

"మేం దీంతో డబ్బు చేసుకోవడం లేదు కదా, ఇందులో తప్పేముంది?"

కాలేజీలో బొమ్మల ప్రసక్తి వచ్చినప్పుడల్లా వినిపించే మాట ఇది. సెమినారుకి స్లైడు కావాలి. ఇంటర్నెట్లో వెతుకుతాం, దొరుకుతుంది, దింపుకుంటాం. ఫ్రెషర్స్ డే ఫ్లెక్సీకి బాపు బొమ్మ కావాలి, దింపుకుంటాం. గోడపత్రికకి, రక్తదాన శిబిరం పోస్టరుకి, ఆఖరికి ఇలాంటి సావనీరు అట్టకి కూడా అదే దారి. ఎవరైనా "ఆ బొమ్మ ఎవరిదండీ?" అని అడిగితే పై జవాబు సిద్ధంగా వుంటుంది. అది విని అడిగినవారు వూరుకుంటారు. ఎందుకంటే అది అబద్ధం కాదు. మనం నిజంగానే డబ్బు చేసుకోవడం లేదు.

నేను బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం చదువుతున్నవాణ్ని. న్యాయశాస్త్రం చదివినవాణ్ని కాను. కాకపోతే వ్యవసాయదారుల ఇంట్లో పుట్టినవాణ్ని గనుక, ఒక వస్తువు ఎవరిది, దాన్ని ఎంతవరకు ముట్టుకోవచ్చు అనే సంగతి పొలం గట్టు మీద కొంత నేర్చుకున్నాను. అక్కడ నేర్చుకున్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపి విద్యార్థి మిత్రుల ముందు పెడుతున్నాను.

పరిగె వేరు, పన వేరు

మా వైపు వరికోతలయి, పనలు కట్టలు కట్టి కుప్ప వేసేశాక చేలో కొన్ని వెన్నులు రాలి వుంటాయి. కూలికి వచ్చిన ఆడవాళ్ళు, పిల్లలు వాటిని ఏరుకుంటారు. దాన్నే పరిగె ఏరుకోవడం అంటాం. కోత మిషన్లు వచ్చాక ఇది తగ్గింది గాని, మాట మాత్రం ఇంకా పోలేదు. పరిగె ఏరుకునేవాళ్ళని ఏ రైతూ అడ్డగించడు. కాని ఇంకా కుప్ప వెయ్యని పనలోంచి ఎవరైనా పిడికెడు వెన్నులు తుంచితే వూరుకోడు. "అమ్ముకోడానికి కాదయ్యా, ఇంట్లో తినడానికే" అంటే, "తినడానికైతే అడగొచ్చు కదమ్మా, లేదంటానా?" అంటాడు. చేనికి కంచె లేదు. అంతమాత్రాన అది ఎవరిదీ కాకుండా పోదు.

ఇంటర్నెట్లో కనిపించే బొమ్మ ఆ కంచె లేని చేను లాంటిది. దారినపోయే ప్రతివాడికీ కనిపిస్తుంది. అలా కనిపించడాన్ని మనం 'ఇచ్చేశారు' అని అర్థం చేసుకుంటున్నాం. చిక్కంతా అక్కడే వుంది.

ఇక్కడ సైన్సు విద్యార్థి ఎవరైనా లేచి ఒక ఆక్షేపణ చెయ్యవచ్చు, చెయ్యాలి కూడా. "వెన్నులు తుంచితే రైతుకి ఆ మేరకి గింజలు తగ్గుతాయి. బొమ్మని కాపీ చేస్తే అసలు బొమ్మ చెక్కు చెదరకుండా అక్కడే వుంటుంది గదా, పోలిక ఎలా కుదురుతుంది?" అని. ఈ మాట నిజమే. అందుకే చట్టం కూడా బొమ్మ మీది హక్కుని పొలం మీది హక్కులాగా చూడదు. పొలం తరతరాలకి దక్కుతుంది. బొమ్మ మీద హక్కు కొంతకాలానికి తీరిపోతుంది. పొలానికి లేని మినహాయింపులు బొమ్మకి వున్నాయి. అయినా కాపీ వల్ల తరిగేది ఒకటుంది. అది తీసినవాడి మాట. తన బొమ్మ ఎక్కడ కనిపించాలి, ఎవరి పేరుతో కనిపించాలి, ఏ అర్థంతో కనిపించాలి అని చెప్పే అధికారం అతని చేతిలోంచి జారిపోతుంది. డబ్బు సంగతి ఈ మూడింటి తర్వాత వస్తుంది.

చట్టం ఏమంటున్నది?

మన కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. 1958 జనవరి 21 నుంచి అమల్లో వుంది. 2012లో దానికి పెద్ద సవరణ జరిగింది. అందులో మొదట తెలుసుకోవలసిన విషయం ఏమిటంటే, ఫొటో తీయగానే హక్కు పుడుతుంది. రిజిస్టరు చెయ్యనక్కరలేదు. పక్కన హక్కుల గుర్తు లేకపోయినా హక్కు హక్కే. సెల్‌ఫోనుతో తీసినా, ఖరీదైన కెమేరాతో తీసినా ఒకటే. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకీ, ఉద్యోగంలో భాగంగా తీసిన ఫొటోలకీ వేరే నియమాలున్నాయి గాని, మామూలుగా ఆ హక్కు ఫొటో తీసినవారిది. ఫొటోలో వున్నవారిది కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఆ హక్కు తీసినవారి లేదా గీసినవారి జీవితకాలమంతా వుంటుంది. వారు పోయిన మరుసటి సంవత్సరం మొదలు ఇంకో 60 సంవత్సరాలు వుంటుంది. మనకి తెలిసిన పేర్లతో లెక్క కట్టి చూద్దాం. రాజా రవివర్మ 1906లో పోయారు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, నిండా ముప్ఫయ్యేళ్ళు రాకుండానే పోయారు. వీరి చిత్రాల మీద హక్కు కాలం ఎప్పుడో తీరిపోయింది. అవి ఇప్పుడు అందరివీ. వడ్డాది పాపయ్య గారు పోయింది 1992లో. వారి చిత్రాల మీద హక్కు 2052 సంవత్సరాంతం దాకా వుంటుంది. బాపు గారు 2014లో పోయారు. ఆయన బొమ్మల లెక్క 2074 సంవత్సరాంతం దాకా వెళుతుంది. ఆ హక్కు ఇవాళ వారసుల దగ్గర వున్నా, ప్రచురణకర్తల దగ్గర వున్నా, మన దగ్గర మాత్రం లేదు. తెలుగువాళ్ళందరూ తమవే అనుకునేంత ప్రేమ బాపు బొమ్మల మీద వుంది నిజమే. ప్రేమ వేరు, అనుమతి వేరు.

అలాగని చట్టం విద్యార్థుల్ని మరిచిపోలేదు. సెక్షన్ 52లో మనకోసం కొన్ని తలుపులు తెరిచివుంచారు. స్వంత చదువుకోసం, పరిశోధనకోసం, విమర్శకోసం, సమీక్షకోసం న్యాయమైన మేరకి వాడుకోవచ్చు. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గాని, విద్యార్థి గాని కాపీ చేసుకోవచ్చు. పరీక్ష ప్రశ్నలో, జవాబులో వాడవచ్చు. అంటే రికార్డు పుస్తకంలో అంటించుకున్న పత్రహరితం బొమ్మ గురించి, క్లాసులో లెక్చరర్ గారి ఎదుట చూపించిన స్లైడు గురించి మనం నిద్ర మానుకోనక్కరలేదు.

ఈ తలుపు ఎంత వెడల్పుదో ఢిల్లీ విశ్వవిద్యాలయం కేసులో తేలింది. అక్కడ క్యాంపస్‌లోని ఒక జిరాక్సు దుకాణం, అధ్యాపకులు సూచించిన పుస్తకాల్లోని భాగాల్ని కాపీలు తీసి, కలిపి కుట్టి విద్యార్థులకి ఇచ్చేది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో కోర్టుకి వెళ్ళాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు మొదట సెప్టెంబరులోను, అప్పీలు మీద డిసెంబరులోను, 'బోధనలో భాగం' అనే మాటకి విశాలమైన అర్థమే చెప్పింది. ఆ పాఠానికి ఆ భాగం అవసరమా కాదా అన్నదే చూడవలసిన సంగతి అన్నది. 2017లో ప్రచురణకర్తలు దావా వెనక్కి తీసుకున్నారు. పుస్తకం కొనుక్కునే స్తోమతు లేని ఇళ్ళనుంచి వచ్చిన మనలాంటి వాళ్ళు ఈ తీర్పుని గుర్తుపెట్టుకోవాలి.

తరగతి గుమ్మం దాటితే

మరి ఈ వెసులుబాటు ఎక్కడ ఆగుతుంది? దీనికి జర్మనీలో జరిగిన ఒక వ్యవహారం చక్కని పాఠం. వాల్‌ట్రోప్ అనే వూళ్ళోని ఒక బడిలో ఒక విద్యార్థి స్పానిష్ భాష తరగతికోసం ఒక వ్యాసం తయారుచేసింది. స్పెయిన్‌లోని కోర్దోబా నగరం ఫొటోని ఒక ప్రయాణాల సైటునుంచి దింపి అందులో పెట్టింది. ఆ సైటులో దింపుకోవద్దని ఏ ఆంక్షా లేదు. పైగా ఫొటో కింద ఆ సైటు పేరు కూడా రాసింది. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. తర్వాత ఆ వ్యాసాన్ని బడివాళ్ళు తమ వెబ్‌సైటులో పెట్టారు. ఫొటో తీసిన డిర్క్ రెంక్‌హోఫ్ అనే ఆయన, "నేను ప్రయాణాల సైటుకే అనుమతి ఇచ్చాను, మీకు ఇవ్వలేదు" అన్నాడు. తీసెయ్యమన్నాడు. 400 యూరోల పరిహారం అడిగాడు.

ఈ చిన్న తగాదా మెట్లెక్కి మెట్లెక్కి, లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్ళింది. అక్కడి అడ్వకేట్ జనరల్ బడి పక్షానే అభిప్రాయం చెప్పాడు. అయినా 2018 ఆగస్టు 7న కోర్టు ఫొటోగ్రాఫర్ పక్షం చెప్పింది. కారణం ఇది: ఫొటో రెండోచోటికి చేరిందంటే, రేపు ఫొటోగ్రాఫర్ మనసు మార్చుకుని మొదటి సైటులోంచి తీయించేసినా, రెండోచోట అది అలాగే మిగిలిపోతుంది. అతని మాట అక్కడ చెల్లదు. ఆ ఫొటోకి లింకు ఇస్తే ఈ బాధ లేదు. మొదటిచోట తీసేస్తే లింకు కూడా చచ్చిపోతుంది.

ఆ తీర్పు మన కోర్టులకి శాసనం కాదు. కాని గీత ఎక్కడుందో అది స్పష్టంగా చూపిస్తుంది. అమ్మాయి చదువుకోసం బొమ్మ వాడుకోవడం వేరు. సంస్థ దాన్ని లోకానికి ప్రచురించడం వేరు. రెండింటిలోనూ లాభాపేక్ష లేదు. మనకి కూడా క్లాసులో స్లైడు మొదటిరకం. కాలేజీ వెబ్‌సైటు, ఫ్లెక్సీ, సావనీరు రెండోరకం.

లాభం లేకపోతే మన చట్టంలో ఏ ప్రయోజనమూ లేదా? వుంది. తెలిసి హక్కు వుల్లంఘిస్తే సెక్షన్ 63 ప్రకారం ఆరు నెలలనుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేలనుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపార లాభంకోసం చెయ్యలేదని తేలితే కోర్టు ప్రత్యేక కారణాలు రాసి, అంతకంటె తక్కువ శిక్ష వెయ్యవచ్చునని అదే సెక్షన్‌లో వుంది. కాస్త జాగ్రత్తగా చదవండి. లాభం లేకపోవడం శిక్షని తగ్గిస్తుంది. తప్పుని మాయం చెయ్యదు.

పేరు చెరపడం

డబ్బుతో సంబంధం లేని హక్కు ఇంకొకటుంది. సెక్షన్ 57 ప్రకారం, కళాకారుడు తన హక్కులన్నీ అమ్మేసుకున్నా, "ఇది నేను చేసింది" అని చెప్పుకునే హక్కు అతనిదే. తన పరువు పోయేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కూ అతనిదే. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కోసం పెద్ద కంచు కుడ్యశిల్పం చేశారు. 1979లో దాన్ని వూడదీసి గోడౌనులో పడేశారు. ఆయన కోర్టుకి వెళ్ళారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని ఆయనకే తిరిగి ఇమ్మని, 5 లక్షల రూపాయల నష్టపరిహారం కూడా ఇమ్మని ప్రభుత్వాన్ని ఆదేశించింది. డబ్బిచ్చి చేయించుకున్న ప్రభుత్వానికే లేని స్వేచ్ఛ, ఊరికే దింపుకున్న మనకి ఎలా వస్తుంది?

మనలో కొందరు ఫొటో మూలనున్న పేరుని కత్తిరించి మరీ వాడతారు. "అందం చెడుతోంది" అంటారు. హక్కుల సమాచారాన్ని కావాలని, అధికారం లేకుండా తీసెయ్యడం 2012 సవరణ తర్వాత విడిగా నేరం. ఇంకొందరు నిజాయితీగానే "సౌజన్యం: గూగుల్" అని రాస్తారు. గూగుల్ ఫొటోలు తియ్యదు, వెతికి పెడుతుంది. వడ్లు ఎవరి చేలోవయ్యా అని అడిగితే "బస్తాలోవి" అన్నట్టుంటుంది ఆ జవాబు.

ఫొటోలోని మనిషి

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా బాబాయి ఒక రాత్రంతా మోటారు దగ్గర కాపలా వుండి, చేనికి నీళ్ళు పెట్టి, తెల్లవారేసరికి అలిసిపోయి, తలమీద తువ్వాలు కప్పుకుని గట్టు మీద కూర్చున్నాడు. మా బావ ఫొటో తీశాడు. ఫొటో బాగా కుదిరింది. ఇంటర్నెట్లో పెట్టాడు. కొన్ని నెలలకి ఒక సేవాసంస్థ వేసిన పోస్టరులో ఆ ఫొటో కనిపించింది. పైన 'రైతుల ఆత్మహత్యలు ఆపుదాం' అనే అక్షరాలు. కింద మా బాబాయి.

పక్క మండలంలోని చుట్టాలు ఫోను చేసి, ఎప్పుడు జరిగింది, ఎలా జరిగింది అని అడిగారు. బాబాయి నవ్వేసి, "నేనే మాట్లాడుతున్నానర్రా" అన్నాడు గాని, పిన్ని మాత్రం మూడురోజులపాటు సరిగ్గా అన్నం తినలేదు. బావ ఆ సంస్థవారికి ఫోను చేశాడు. వాళ్ళు మర్యాదస్థులే, పోస్టరు తీసేశారు. కాని వాళ్ళు మొదట అన్న మాట ఏమిటో తెలుసా? "మేం లాభంకోసం చెయ్యలేదండీ!"

నిజమే, చెయ్యలేదు. వాళ్ళ ఉద్దేశం మనందరికీ నచ్చేదే. ఒక్క పైసా వాళ్ళకి మిగల్లేదు. అయినా మా పిన్నికి జరిగింది జరిగింది. ఇందులో రెండు అనుమతులున్నాయని నాకు అప్పుడు అర్థమైంది. ఫొటో మీద కాపీరైట్ మా బావది. ఆ ముఖం, ఆ బతుకు మా బాబాయివి. బావ సరేనన్నా కూడా బతికున్న మనిషిని చావు పక్కన నిలబెట్టడానికి ఆ 'సరే' చాలదు. రోగుల ఫొటోలు, పసిపిల్లల ఫొటోలు, గిరిజనుల ఫొటోలు మన ఎన్.ఎస్.ఎస్. పోస్టర్ల మీద పెట్టేముందు ఈ రెండో అనుమతి సంగతి తప్పకుండా ఆలోచించాలి.

మరి బొమ్మలు ఎక్కడ తెచ్చుకోవాలి?

నాలుగు దారులున్నాయి.

మొదటిది, మనమే తీసుకోవడం. మందారపువ్వు అడ్డుకోత ఫొటోకోసం అమెరికా సైటు దాకా వెళ్ళనక్కరలేదు. బ్లేడు, సూక్ష్మదర్శిని మన ల్యాబులోనే వున్నాయి.

రెండోది, పరిగె ఏరుకోవడం. కాలం తీరిపోయిన పాత చిత్రాలు, మొదటినుంచీ హక్కులు లేనివి ఈ కోవలోవి. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు తమ విధుల్లో భాగంగా తయారుచేసిన వాటికి ఆ దేశంలో కాపీరైట్ వుండదు. నాసా ఫొటోలు చాలామటుకు ఈ కారణంగానే చదువులకి స్వేచ్ఛగా దొరుకుతున్నాయి.

మూడోది, యజమాని తానే షరతులు రాసి గట్టు మీద పెట్టినవి. రైతులకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం, రక్షణ పొందిన రకమైనా సరే రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చి పుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మకూడదు. ఎంతవరకు సరే, ఎక్కడ కాదు అనేది రాసివుంటే పంచుకోవడం సులువవుతుంది. బొమ్మలకి ఆ పని చేసేవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. మొదటివి 2002 డిసెంబరులో వచ్చాయి. వాటిలో నాలుగు మాటలు తెలిస్తే చాలు. 'బై' అంటే తీసినవారి పేరు చెప్పాలి. 'ఎస్‌ఏ' అంటే మార్చి పంచితే అదే షరతుతో పంచాలి. 'ఎన్‌డీ' అంటే మార్చినదాన్ని పంచకూడదు. 'ఎన్‌సీ' అంటే వ్యాపారానికి వాడకూడదు. 2004లో మొదలైన వికీమీడియా కామన్స్‌లో ఇలాంటి స్వేచ్ఛా లైసెన్సు బొమ్మలు దొరుకుతాయి. ఒక్క 'ఎన్‌సీ' లైసెన్సు మాత్రమే వున్నవాటిని అక్కడ తీసుకోరు. ఖగోళశాస్త్రం మిత్రులకి హబుల్ దూరదర్శిని ఫొటోలు ఐరోపా అంతరిక్ష సంస్థ సైటులో 'బై' లైసెన్సుతో వున్నాయి. పేరు రాసి హాయిగా వాడుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి: ఈ లైసెన్సులన్నీ కాపీరైట్ వరకే. ఫొటోలోని మనిషి అనుమతిని ఇవి ఇవ్వలేవు.

'ఎన్‌సీ' దగ్గర మనకొక చిక్కు ప్రశ్న వుంది. మన సావనీరు వ్యాపారమా, కాదా? ఎవరూ లాభం తియ్యరు. కాని వెనక పేజీలు తిప్పి చూడండి: బట్టల కొట్లు, ఎరువుల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనలు. ఆ లైసెన్సులో చూసేది వాడేవాడు ఎవరని కాదు. ఆ వాడకం ముఖ్యంగా వ్యాపార ప్రయోజనం కోసమా, డబ్బు కోసమా అని. అచ్చు ఖర్చుకోసం తీసుకున్న ప్రకటనలతో పుస్తకం వ్యాపారమైపోదని నా అభిప్రాయం. కాని అదే బొమ్మ ప్రకటన పేజీలోకి వెళితే సంగతి వేరు. అనుమానం వున్నప్పుడు 'ఎన్‌సీ' లేని బొమ్మ ఎంచుకోవడమో, అడగడమో మేలు.

నాలుగోది, ఆ అడగడమే. అందరం తప్పించుకునే దారి ఇదే. నాలుగు వాక్యాలు చాలు:

"గౌరవనీయులైన ఫొటోగ్రాఫరు గారికి, నేను ఫలానా కాలేజీలో బి.ఎస్సీ. విద్యార్థిని. మీరు తీసిన ఫలానా ఫొటోని మా సంఘం వార్షిక సంచికలో, ఫలానా వ్యాసం పక్కన, మీ పేరుతో ప్రచురించాలని కోరిక. ఇన్ని ప్రతులు వేస్తున్నాం. సంచికని ఉచితంగా పంచుతాం, అందులో స్థానిక ప్రకటనలు కొన్ని వుంటాయి. దయచేసి మీ అనుమతి తెలియజేయండి. ఒక ప్రతి మీకు పంపుతాం."

లాభాపేక్ష లేకపోవడం నిజంగా పనికొచ్చేది ఈ ఉత్తరంలోనే. డబ్బు లేని విద్యార్థులు మర్యాదగా అడిగితే కాదనేవారు అరుదు. జవాబు రాకపోతే మాత్రం ఆ బొమ్మ వదిలెయ్యాలి. మౌనం అర్ధాంగీకారం అంటారు గాని, సగం అంగీకారంతో అచ్చు వెయ్యలేం.

సంఘానికి మనవి

విద్యార్థి సంఘం కార్యవర్గానికీ, సంపాదకవర్గానికీ మూడు మనవులు చేస్తున్నాను. ఒకటి, ప్రతి సంచికలోనూ ఒక పేజీ బొమ్మల వివరాలకి కేటాయించండి: బొమ్మ పేరు, తీసినవారి పేరు, దొరికిన చోటు, లైసెన్సు లేక అనుమతి తేదీ. పరిశోధన పత్రంలో ఆధారాలు రాయని విద్యార్థికి మార్కులు వేస్తారా? ఇదీ అంతే. రెండు, ఫొటోలోని మనిషి గుర్తుపట్టేలా వుంటే ఆ మనిషిని అడిగారా అని కూడా ఆ పేజీలో రాయండి. మూడు, ఫొటోలు తీసే మన విద్యార్థులందరి దగ్గరా, ఇష్టపడి ఇచ్చినవారి దగ్గరే, క్యాంపస్ చెట్లు, పిట్టలు, ల్యాబు పరికరాలు, పల్లెటూరి పనిముట్ల ఫొటోలు సేకరించి, 'బై' లైసెన్సుతో అందరికీ అందుబాటులో పెట్టండి. గొర్రు, గుంటక, కవిలి లాంటి వాటికి మంచి ఫొటోలు వెతికితే దొరకడం లేదు. అవి మన ఇళ్ళ చూరుల కింద ఇంకా వున్నాయి. ఇంకో పదేళ్ళకి వుండవు.

ఇన్నాళ్ళూ మనం ఇంటర్నెట్ నుంచి తీసుకునేవాళ్ళంగానే వున్నాం. ఇచ్చేవాళ్ళం కూడా అయితే, మన ఫొటో కింద మన పేరు లేకుండా ఎక్కడో కనిపించిన రోజున గుండె ఎలా కలుక్కుమంటుందో ఒకరు చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది. అది తెలిసినవాడు ఇంకొకరి పేరు కత్తిరించడు. అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు కూడా ఈ పనిలో చెయ్యి కలుపుతారని ఆశిస్తున్నాను.